పోలీసు సెట్‌లో ఎవరి మాట ఎవరు వింటారు? ఛానళ్ల విభజన వెనకున్న లెక్క

క్లుప్తంగా

పోలీసులు ఇంకా వైర్‌లెస్ సెట్ పట్టుకుని తిరగడం పాత అలవాటు వల్ల కాదు. ఒకరు బటన్ నొక్కి మాట్లాడితే డ్యూటీలో ఉన్నవాళ్లందరికీ అదే క్షణంలో వినపడటం ఫోన్‌తో అయ్యే పని కాదు. అయితే ఒక ఛానల్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు కాబట్టి ఛానళ్లను ప్రాంతాల వారీగా, పనుల వారీగా పంచాల్సి వస్తుంది. ఛానళ్లు తక్కువైతే మాట్లాడే సందు దొరకదు, ఎక్కువైతే పక్కవాళ్ల మాట చెవిన పడదు. వరంగల్ నగరంలో ఈ చిక్కు ఒక రకం, ములుగు అడవుల్లో ఇంకో రకం, మేడారం జాతరప్పుడు రెండూ కలిసొస్తాయి.

ఫోన్ ఉండగా సెట్ దేనికి

హనుమకొండ చౌరస్తాలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ జేబులో స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, చేతిలో మ్యాన్‌ప్యాక్ (చిన్న వైర్‌లెస్ సెట్) ఉంటుంది. పోలీసుల టీఎస్‌కాప్ యాప్ 2018లోనే వచ్చింది, స్టేషన్ స్టేషన్‌కీ వాట్సాప్ గ్రూపులున్నాయి, హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో మొదలైంది. ఇన్ని ఉండగా ఆ గరగరమనే సెట్ ఇంకా ఎందుకన్నది చాలామందికి వచ్చే డౌటే.

ఫోన్ ఇద్దరి మధ్య నడిచేది. నంబరు వెతకాలి, రింగవ్వాలి, అవతలివాళ్లు ఎత్తాలి, ఎత్తినా విషయం ఆ ఇద్దరికే తెలుస్తుంది. వాట్సాప్‌లో పెడితే అందరికీ చేరుతుంది, కానీ ఎవరు ఎప్పుడు తెరిచి చూస్తారో చెప్పలేం, బండి నడుపుతున్నవాడు అసలు చూడలేడు. సెట్‌లో అయితే బటన్ నొక్కగానే మాట వెళ్లిపోతుంది, వినేవాళ్లు ఏదీ నొక్కనక్కర్లేదు.

అసలు బలం ఇంకోటుంది. మాట ఎవరిని ఉద్దేశించిందో వాళ్లకంటే పక్కన విన్నవాళ్లకే ఒక్కోసారి ఎక్కువ పనికొస్తుంది. హనుమకొండలో తనిఖీ దగ్గర ఒక కారు ఆగకుండా కాజీపేట వైపు దూసుకుపోయిందనుకోండి. అక్కడున్న ఎస్సై ఆ సంగతి చెప్పేది కంట్రోల్ రూమ్‌కి. కానీ ఫాతిమానగర్ దగ్గరున్న పెట్రోలింగ్ బండి కూడా అది వింటుంది, ఎవరూ చెప్పకముందే బారికేడ్ రోడ్డు మీదికి లాగుతుంది. ఇలా పక్కన వినడం ఏ ఫోన్ కాల్‌లోనూ లేదు. ఛానళ్లను ఎలా విడగొట్టాలన్న చర్చంతా దీని చుట్టే తిరుగుతుంది: ఎవరి మాట ఎవరి చెవిన పడి తీరాలి, ఎవరికి అక్కర్లేదు.

మొదట్లో పోలీసు రేడియో ఒకవైపే పనిచేసేది. అమెరికాలోని డెట్రాయిట్‌లో 1928లో పోలీసు కార్లకు రేడియో పెట్టినప్పుడు వినడమే తప్ప తిరిగి చెప్పే వీల్లేదు, బదులివ్వాలంటే కారాపి ఫోన్ వెతుక్కోవాల్సిందే. న్యూజెర్సీలోని బేయోన్ పట్టణంలో 1933లో రెండు వైపులా మాట్లాడే సెట్లు వచ్చాయి. మన దేశంలో 1946లో కేంద్రం వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరేట్ పెట్టింది, అదే ఇప్పుడు కేంద్ర హోంశాఖ కింద పోలీసు వైర్‌లెస్ సమన్వయ డైరెక్టరేట్‌గా ఉంది. తెలంగాణలో ఈ పని చూసేది పోలీసు కమ్యూనికేషన్స్ విభాగం. పోలీసు నియామకాల నోటిఫికేషన్లలో ‘ఎస్సై, ఐటీ అండ్ కమ్యూనికేషన్స్’ అని కనపడే పోస్టులు ఇందులోవే.

ఒక ఛానల్‌లో ఒక్క గొంతే

ఛానల్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ, లేదా రిపీటర్ (విన్న మాటను బలంగా తిరిగి పంపే పరికరం) ఉంటే ఒక జత ఫ్రీక్వెన్సీలు. పోలీసులు ఎక్కువగా వాడేది వీహెచ్ఎఫ్, అంటే సుమారు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే బ్యాండ్. ఈ ఫ్రీక్వెన్సీలను శాఖ తనంతట తాను ఎంచుకోలేదు, కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం కేటాయించాలి. అక్కడ అందరిదీ క్యూనే, కాబట్టి కావాల్సినన్ని ఛానళ్లు అడిగి తెచ్చుకునే వీలు ఏ జిల్లాకూ ఉండదు.

ఒకే ఛానల్‌లో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఏమవుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మామూలు అనలాగ్ సెట్లు ఎఫ్ఎం పద్ధతిలో పనిచేస్తాయి. ఎఫ్ఎంలో బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. రెండూ దాదాపు సమానంగా ఉంటే చెవులు గింగురుమనే కీచు శబ్దం తప్ప ఏ మాటా అర్థం కాదు. ఇందులో ప్రమాదకరమైనది మొదటిదే. అడవి అంచున ఉన్న కానిస్టేబుల్ చిన్న సెట్‌లో సాయం అడుగుతున్నప్పుడు, కంట్రోల్‌కు దగ్గర్లో ఉన్న జీపు సెట్ నుంచి ఇంకొకరు మామూలు రిపోర్టు ఇస్తుంటే, కంట్రోల్‌కు ఆ రిపోర్టు శుభ్రంగా వినపడుతుంది. ఇంకో గొంతు పలికిందన్న సంగతే తెలియదు.

అందుకే సెట్‌లో మాట్లాడటానికి అంత కట్టుబాటు. ముందు ఛానల్ ఖాళీగా ఉందా అని వినాలి, తర్వాత పిలవాలి, తన కాల్‌సైన్ (సెట్‌లో తనకున్న గుర్తింపు పేరు) చెప్పాలి, అవతలి నుంచి జవాబొచ్చాకే విషయంలోకి వెళ్లాలి. వాహనం నంబరు చెప్పేటప్పుడు టీ అంటే టాంగో, జీ అంటే గోల్ఫ్ అని చెప్పడం గొప్పకు కాదు. గరగరలో ‘టీ’, ‘డీ’, ‘జీ’ మూడూ ఒకేలా వినపడతాయి. 2024 మార్చి తర్వాత రిజిస్టరైన బండ్లకు టీజీ, అంతకుముందువాటికి టీఎస్, ఇంకా పాతవాటికి ఏపీ ఉన్న రాష్ట్రంలో ఈ జాగ్రత్త ఇంకాస్త అవసరం.

‘కంట్రోల్, కంట్రోల్’ అని రెండుసార్లు పిలవడానికి కూడా కారణముంది. బటన్ నొక్కాక సెట్ సిగ్నల్ పంపడం మొదలుపెట్టి, గుట్ట మీది రిపీటర్ దాన్ని పసిగట్టి తెరుచుకోవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. నొక్కీ నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరాలు గాలిలో కలిసిపోతాయి. అమెరికా పోలీసుల ‘టెన్-ఫోర్’ (సరే, అందింది) లాంటి కోడ్‌లలో ముందుండే ‘టెన్’ కూడా ఇందుకే పుట్టిందంటారు. 1937 ప్రాంతంలో ఇల్లినాయ్ పోలీసుల్లో రూపుదిద్దుకున్న ఆ కోడ్‌లలో, సెట్ పూర్తిగా అందుకునేలోపు ‘టెన్’ కొట్టుకుపోయినా అసలు నంబరు మిగిలేది. తర్వాత ఒక్కో ఊరు తనకు తోచిన అర్థాలు పెట్టుకోవడంతో ఒకరి కోడ్ ఇంకొకరికి తెలియని పరిస్థితి వచ్చింది. 2005లో కత్రినా తుఫాను తర్వాత, వేర్వేరు శాఖలు కలిసి పనిచేసే చోట మామూలు భాషలోనే మాట్లాడాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. మన దగ్గర సెట్ భాష ముందు నుంచీ తెలుగూ ఇంగ్లిషూ కలిసిన మామూలు మాటే కావడం ఈ లెక్కన మంచిదే.

ఇక ఒక గంటలో ఎంత మాట పడుతుంది? గంటకు 3,600 సెకన్లు. పిలుపు, జవాబు, విషయం, ‘రోజర్’ (అందింది) అన్నీ కలిపి ఒక్కో సంభాషణకు 30 సెకన్లు వేసుకున్నా 120కి మించి పట్టవు. అది కూడా మధ్యలో ఒక్క సెకను ఖాళీ లేకపోతేనే. నిజానికి ఛానల్ సగం నిండేసరికే జనం సందు కోసం ఎదురుచూడటం మొదలవుతుంది. ఉదయం పూట ఉన్నతాధికారి సెట్ కాన్ఫరెన్స్ పెట్టి స్టేషన్ల వారీగా వివరాలు తీసుకుంటున్నంతసేపూ ఆ ఛానల్ ఇంకో పనికి దొరకదు. అలాంటివాటికి వీడియో కాన్ఫరెన్స్ వాడటమే మేలు, సెట్‌ను ఘటనలకు వదిలేయాలి.

ఛానళ్లను ఎలా పంచుతారు

మొదటి పద్ధతి ప్రాంతం. వరంగల్ పోలీసు కమిషనరేట్ 2015లో ఏర్పడింది. హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాలు దీని కిందికి వస్తాయి, సెంట్రల్, వెస్ట్, ఈస్ట్ అని మూడు జోన్లు. ఇలాంటి కమిషనరేట్‌లో నగరం మధ్యలో గంటకు వచ్చే కాల్స్‌కూ, జనగామ వైపు ఊళ్లలో వచ్చేవాటికీ పోలికే ఉండదు. అందరినీ ఒకే ఛానల్‌లో కూర్చోబెడితే పోచమ్మమైదాన్ గొడవ గురించి పాలకుర్తి పోలీసులు రోజంతా వినాలి. కొన్నాళ్లకు వినడం మానేసి సౌండ్ తగ్గించేస్తారు. సెట్ చేతిలో ఉండి, సౌండ్ తగ్గించి ఉండటం కంటే అపాయం ఇంకోటి లేదు.

రెండోది పని. ట్రాఫిక్‌కు విడిగా ఛానల్ ఇవ్వడం దాదాపు ప్రతి పెద్ద నగరంలోనూ కనిపిస్తుంది. ట్రాఫిక్ మాటలు చిన్నవి, కానీ ఆగవు. ‘అటు వదలండి, ఇటు ఆపండి’ అంటూ రోజంతా నడిచే ఈ మాటల మధ్య శాంతిభద్రతల కాల్ ఇరుక్కుపోకూడదు. వీఐపీ వస్తే ఆ కాన్వాయ్‌కి ఒకటి, పెద్ద బందోబస్తుకు తాత్కాలికంగా ఇంకోటి, అధికారులు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒకటి, ఇలా పెరుగుతాయి. రిపీటర్‌తో పనిలేకుండా దగ్గర్లో ఉన్న రెండు సెట్లు నేరుగా మాట్లాడుకునే సింప్లెక్స్ ఛానల్ కూడా తప్పనిసరి. పోటెత్తిన గుంపు మధ్యలో ఉన్న పది మందికి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే కావాలి, ఆ గొడవంతా నగరం మొత్తం వినక్కర్లేదు.

జిల్లా దాటి హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన మాటకు వీహెచ్ఎఫ్ చాలదు. ఒకప్పుడు దానికి హెచ్ఎఫ్ రేడియోలు వాడేవారు, అవి 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తూ ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి వందల కిలోమీటర్లు పోతాయి. తర్వాత ఉపగ్రహం మీద నడిచే పోలీసు నెట్‌వర్క్ పోల్‌నెట్ వచ్చింది, ఇప్పుడు మామూలు రోజుల్లో ఎక్కువ భారం ఫైబర్ లైన్ల మీదే. అయినా వరద వచ్చి ఫైబర్ తెగితే మళ్లీ గుర్తొచ్చేది హెచ్ఎఫ్, ఉపగ్రహమే.

విడగొట్టడానికి ఒక హద్దుంది, అది కంట్రోల్ రూమ్‌లో ఎంతమంది కూర్చోగలరన్నది. వినేవాళ్లు లేని ఛానల్‌లో మాట్లాడి లాభం లేదు. ఒక మనిషి రెండు ఛానళ్లు వింటుంటే రెండింటిలో ఒకేసారి పిలుపు వచ్చిన ప్రతిసారీ ఒకటి పోతుంది. మన శాఖల్లో కొత్త సెట్లు కొన్న వార్తలు తరచూ వస్తాయి, వాటిని వినే ఆపరేటర్ల సంఖ్య మాత్రం ఎప్పుడూ వార్త కాదు, ఉండాల్సింది అదే.

ఇంకో చిక్కు సరిహద్దుల దగ్గర. పైన చెప్పిన కారు కాజీపేట వైపు కాకుండా కరీంనగర్ రోడ్డు పట్టిందనుకుందాం. ఎల్కతుర్తి దాకా వరంగల్ కమిషనరేట్. కాసేపట్లో హుజూరాబాద్, అది కరీంనగర్ కమిషనరేట్. వెంబడించే బండి సెట్‌లో చెబుతున్న మాట హుజూరాబాద్ సిబ్బందికి వినపడదు, వాళ్ల ఛానల్ వేరు. ఒక కంట్రోల్ రూమ్ ఇంకో కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, అక్కడివాళ్లు తమ సెట్‌లో మళ్లీ చెప్పాలి. ఈ ఒక్క చేతి మార్పులో ఒకటి రెండు నిమిషాలు పోతాయి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారు రెండు నిమిషాల్లో 3 కిలోమీటర్లు దాటేస్తుంది.

గుట్ట మీది రిపీటర్

వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు పోయినంత దూరమే పోతాయి. లెక్క చాలా సులువు: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దాకా చూడగలదో వస్తుంది. ఛాతీ ఎత్తులో, అంటే మీటరున్నర ఎత్తులో ఉన్న మ్యాన్‌ప్యాక్‌కు వచ్చేది 5 కిలోమీటర్లు. రెండు మ్యాన్‌ప్యాక్‌ల మధ్య కాగితం మీద 10, కానీ కాంక్రీటు బిల్డింగుల మధ్య అందులో కొద్ది భాగమే దక్కుతుంది. అదే 60 మీటర్ల టవర్ మీద రిపీటర్ పెడితే దానికి 32, మ్యాన్‌ప్యాక్‌వి 5, మొత్తం 37 కిలోమీటర్లు.

రిపీటర్ చేసే పని ఒక్కటే. ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పలుకుతుంది. పక్క జిల్లాలో అదే ఫ్రీక్వెన్సీ వాడే సెట్ల మాట చొరబడకుండా, మనిషి గొంతుకు అడుగున పట్టీపట్టనట్టుండే ఒక సన్నని టోన్ కలుపుతారు, ఆ టోన్ ఉంటేనే రిపీటర్ తెరుచుకుంటుంది.

రాతి గుట్టలకు కొదవలేని హనుమకొండ చుట్టుపక్కల రిపీటర్‌కు ఎత్తు దొరకడం కష్టం కాదు. తూర్పుకు పోయే కొద్దీ కథ మారుతుంది. హనుమకొండ నుంచి మేడారం దాదాపు 100 కిలోమీటర్లు, పైన లెక్క ప్రకారం ఒక్క రిపీటర్‌తో సగం దూరం కూడా రాదు. దానికి తోడు తాడ్వాయి, ఏటూరునాగారం అడవి. తడి ఆకులు రేడియో తరంగాలను పీల్చేస్తాయి, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లు, 450 దగ్గర, అంటే యూహెచ్ఎఫ్ బ్యాండ్‌లో, 67 సెంటీమీటర్లే. పొట్టి తరంగం కిటికీల సందుల్లోంచి సులువుగా దూరుతుంది, ఆకుల దగ్గర మాత్రం ఓడిపోతుంది. అందుకే నగరంలో బిల్డింగుల లోపలికి చొచ్చుకుపోయే యూహెచ్ఎఫ్ బాగా పనికొస్తే, అడవి జిల్లాలకు వీహెచ్ఎఫే నప్పుతుంది. హైదరాబాద్‌లో బాగుందని అదే వ్యవస్థను ములుగుకు తెస్తే పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక తిరకాసుంది. రిపీటర్ చెప్పేది కానిస్టేబుల్‌కు స్పష్టంగా వినపడుతుంది, కానిస్టేబుల్ చెప్పేది రిపీటర్‌కు అందదు. రిపీటర్ పంపే శక్తి ఎక్కువ, చేతి సెట్‌ది 5 వాట్ల లోపు. బెల్టుకు తగిలించి ఉంటే ఒంటిలోని నీరే కొంత సిగ్నల్‌ను మింగేస్తుంది. సెట్ తీసి, యాంటెన్నా నిటారుగా ఉండేలా ముఖం ఎత్తుకు పట్టుకుని, రెండడుగులు పక్కకు జరిగితే అందని మాట అందడం తరచూ జరిగేదే. జీపులో 25 వాట్ల సెట్, కప్పు మీద సరైన యాంటెన్నా ఉంటాయి కాబట్టి అది అందుకునే చోటు వేరు. కవరేజీ మ్యాపు గీసేవాళ్లు జీపు సెట్‌తో కొలిచి ‘అంతా బాగుంది’ అని రాస్తే నడిచి వెళ్లే పార్టీకి అది అబద్ధపు మ్యాపే అవుతుంది.

మేడారం: అన్నీ ఒకేసారి పరీక్షకొచ్చే చోటు

రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర ఈ వ్యవస్థకు అతిపెద్ద పరీక్ష. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. కోటి మందికి పైగా వచ్చే చోట 10 వేలకు పైగా పోలీసులుంటారు, వాళ్లలో ఎక్కువ మంది వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లే.

ముందుగా ఫోన్లు చేతులెత్తేస్తాయి. సెల్ టవర్ ఒకేసారి ఇంతమందికే అని కట్టిన వ్యవస్థ. తాత్కాలిక టవర్లు పెట్టినా జనం లక్షల్లో ఉంటారు, మామూలు నెట్‌వర్క్‌లో పోలీసు కాల్‌కు ప్రత్యేక దారి ఏమీ ఉండదు. ఇక సెట్ ఒక్కటే దిక్కు, దాని మీద పడే భారం కూడా ఆ లెక్కనే ఉంటుంది.

ప్రైవేటు బండ్లు పస్రా, నార్లాపూర్ మీదుగా, ఆర్టీసీ బస్సులు తాడ్వాయి మీదుగా రావడం ఇటీవలి జాతర్లలో అలవాటైన ఏర్పాటు. ఈ దారుల మీద ఒక్క లారీ ఆగిపోయినా వెనక కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతుంది. అలాంటప్పుడు సెట్‌లో మాట ఇలా నడుస్తుందనుకోవచ్చు:

“కంట్రోల్, కంట్రోల్... పస్రా మొబైల్.”

“పస్రా మొబైల్, చెప్పండి.”

“సార్, నార్లాపూర్ దగ్గర్లో డీసీఎం ఒకటి బ్రేక్‌డౌన్ అయింది, వెనక బండ్లన్నీ నిలిచిపోయినయ్, క్రేన్ కావాలి సార్, ఓవర్.”

“రోజర్. పస్రా దగ్గర కొత్త బండ్లు ఆపండి. క్రేన్ వస్తుంది.”

ఇందులో నాలుగు పక్షాలున్నాయి: ఘటన చోటు, కంట్రోల్, క్రేన్, పస్రా జంక్షన్. నాలుగూ ఒకే ఛానల్‌లో ఉంటే అరనిమిషంలో పని మొదలవుతుంది. క్రేన్ ట్రాఫిక్ ఛానల్‌లో, జంక్షన్ బందోబస్తు ఛానల్‌లో ఉంటే కంట్రోల్ అదే మాట మూడుసార్లు చెప్పాలి. అందుకే జాతరకు ఛానళ్లను ఎవరు ఏ విభాగం అని చూసి పంచడం కంటే, ఏ దారి, ఏ సెక్టార్ అని చూసి పంచడమే తెలివైన పద్ధతి. ఒక రోడ్డు మీద ఉన్న ట్రాఫిక్, శాంతిభద్రతలు, క్రేన్, అంబులెన్స్ దగ్గరి సిబ్బంది అందరూ ఒకే చోట వినాలి. గద్దెల చుట్టూ క్యూలైన్లకు విడిగా ఒకటి, జంపన్నవాగుకు ఒకటి. చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని తెచ్చే సమయంలో ఆ దారికి కేటాయించిన ఛానల్‌లో ఇంకెవరూ నోరెత్తకూడదు. జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చే గంట అది.

బయటి జిల్లాల సిబ్బందితో ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్ల సెట్లలో ఇక్కడి ఛానళ్లు ఉండవు, ముందే ప్రోగ్రామ్ చేయాలి. అది అయినా ఊరట్టం ఎటు, కన్నెపల్లి ఎటు, రెడ్డిగూడెం ఎక్కడ అన్నది తెలియదు. ‘ఊరట్టం దగ్గర జనం ఆగారు’ అన్న మాట చక్కగా వినపడి కూడా అర్థం కాకపోతే వినపడనట్టే. అందుకే పార్కింగ్‌లకు, జంక్షన్లకు నంబర్లు పెట్టి, ఆ నంబర్ల మ్యాపు ప్రతి ఒక్కరి జేబులో ఉంచడం సెట్ కొనడమంత ముఖ్యం.

డిజిటల్ ఏం మారుస్తుంది

అనలాగ్‌లో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక ఛానల్‌లో ఒక్క సంభాషణే పడుతుంది. డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతి అదే వెడల్పును 30 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి రెండు సంభాషణలు నడుపుతుంది. యూరప్‌లో పుట్టిన టెట్రా 25 కిలోహెర్ట్జ్‌లో నాలుగు నడుపుతుంది. అమెరికాలో ఎక్కువగా వాడేది పీ25. ఫ్రీక్వెన్సీలు దొరకడమే కష్టమైన చోట ఒకటి రెండవడం చిన్న లాభం కాదు.

ఇంతకంటే పెద్ద మార్పు ట్రంకింగ్. బ్యాంకులో ఒక్కో కౌంటర్ ముందు ఒక్కో వరుస కాకుండా, అందరికీ ఒకే టోకెన్ వరుస పెట్టి ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి పంపినట్టు, ట్రంకింగ్‌లో ఫ్రీక్వెన్సీలన్నీ ఒక చోట ఉంటాయి, బటన్ నొక్కినప్పుడు ఖాళీగా ఉన్నదాన్ని కంప్యూటర్ ఇస్తుంది. ట్రాఫిక్, ఈస్ట్ జోన్, బందోబస్తు అన్నవి ఇక ఫ్రీక్వెన్సీలు కావు, టాక్‌గ్రూపులు, అంటే సభ్యుల జాబితాలు మాత్రమే. కావాలంటే కంట్రోల్ రూమ్ నుంచే రెండు గ్రూపుల్ని కలిపేయొచ్చు, కొత్తది పుట్టించొచ్చు. అత్యవసర బటన్ నొక్కినవాళ్లకు అందరికంటే ముందు దారి ఇవ్వొచ్చు, పైన చెప్పిన అడవి అంచు కానిస్టేబుల్ బాధ దీంతో చాలావరకు తీరుతుంది.

నష్టాలూ ఉన్నాయి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గే కొద్దీ గరగర పెరుగుతుంది, అలవాటైన చెవి అందులోంచి కూడా మాట ఏరుకుంటుంది, పైగా ‘ఇక అందదు’ అని ముందే హెచ్చరిక దొరుకుతుంది. డిజిటల్‌లో చివరిదాకా శుభ్రంగా వినపడి హఠాత్తుగా మాయమవుతుంది. ట్రంకింగ్‌లో కేంద్ర కంప్యూటర్‌తో సైట్‌కు లింకు తెగితే గ్రూపుల ఏర్పాటంతా కుదేలవుతుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జులైలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, అదే వానలకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగి జనం ఇళ్ల కప్పులెక్కితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. కరెంటు, ఫైబర్, రోడ్డు మూడూ ఒకేసారి పోయే చోట, ఏ లింకూ అక్కర్లేకుండా దానంతటది పనిచేసే పాత వీహెచ్ఎఫ్ రిపీటర్‌ను, దానికి బ్యాటరీ బ్యాంకునూ తీసేయకూడదు.

4జీ, 5జీ మీద నడిచే పుష్-టు-టాక్ (బటన్ నొక్కి మాట్లాడే పద్ధతి) తర్వాతి మెట్టు. అత్యవసర సేవలకు బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో సిఫార్సులు చేసింది. బ్రిటన్ అనుభవం మాత్రం తొందరపడొద్దని చెబుతుంది. అక్కడ టెట్రా మీద నడిచే ఎయిర్‌వేవ్‌ను 2019 నాటికి ఆపేసి 4జీకి మారాలనుకున్నారు, ఆ గడువు దాదాపు పదేళ్లు వెనక్కి జరిగింది, అప్పటిదాకా పాతదానికి డబ్బు కడుతూనే ఉన్నారు.

బయటివాళ్లు వినొచ్చా

అనలాగ్ మాట గాలిలో తెరిచిన పుస్తకమే, ఆ ఫ్రీక్వెన్సీ పట్టే రిసీవర్ ఎవరి దగ్గరున్నా వినపడుతుంది. అమెరికాలో దీన్ని స్కానర్లతో వినడం పెద్ద హాబీ, పత్రికలకు వార్తల దారి కూడా. షికాగో 2022లో ఎన్‌క్రిప్షన్‌కు (బయటివాళ్లకు అర్థం కాకుండా మాటను మార్చి పంపడానికి) మారుతూ జనానికి అరగంట ఆలస్యంగా వినిపించే పద్ధతి పెట్టింది, న్యూయార్క్ పోలీసులు 2023 నుంచి ఛానళ్లను మూసేయడం మొదలుపెట్టాక అక్కడి పత్రికలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి.

మన దగ్గర ఆ వాదనకు చోటు లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అక్రమంగా సందేశాలను వినడం నేరం, మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. ఆన్‌లైన్‌లో వెయ్యి రెండు వేలకు దొరికే వాకీటాకీలు కొంటున్నవాళ్లు గమనించాల్సింది ఇదే: లైసెన్స్ లేకుండా వాడుకోగలిగేవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లే. మిగతావి ఫంక్షన్‌హాల్ పార్కింగ్‌కు వాడినా పోలీసు ఛానల్ మీద పడే ప్రమాదముంది. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో ఈ అమ్మకాలపై ఈ-కామర్స్ సైట్లకు నోటీసులిచ్చి మార్గదర్శకాలు తెచ్చింది. రేడియో మీద నిజంగా ఇష్టమున్నవాళ్లకు హ్యామ్ (అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్ల లైసెన్స్) పరీక్ష రాసే దారి ఎలాగూ ఉంది.

ఒక ఉమ్మడి ఛానల్ సంగతి

శాఖల మధ్య గోడలు ఎంత ఖరీదైనవో 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో తేలింది. టవర్ కూలేలా ఉందని పోలీసు హెలికాప్టర్ నుంచి వచ్చిన హెచ్చరిక పోలీసు రేడియోలో వినపడింది, లోపలున్న ఫైర్ సిబ్బంది రేడియోలు వేరు కావడంతో వాళ్లకు చేరలేదు. మన దగ్గర వరదల్లో పోలీసు, ఫైర్, రెవెన్యూ, విపత్తు దళాలు ఎవరి ఏర్పాట్లతో వాళ్లు దిగుతారు, మధ్యలో కలిపేది ఫోన్ ఒక్కటే, ముందు పోయేదీ అదే.

దీనికి కొత్త టవర్లేమీ అక్కర్లేదు. వరంగల్, కరీంనగర్, రామగుండం కమిషనరేట్లకూ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాలకూ కలిపి ఒక సింప్లెక్స్ ఛానల్‌ను అనుమతి తీసుకుని అన్ని సెట్లలో వేస్తే చాలు, ఫైర్ శాఖ సెట్లలో కూడా. ఎక్కడ వేస్తారన్నది మాత్రం ముఖ్యం. చేతి సెట్ పైనుండే నాబ్‌కు సాధారణంగా 16 స్థానాలుంటాయి, తిప్పితే ఒక్కోటి టిక్కుమంటుంది, చీకట్లో వానలో కూడా వేళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. 17వ ఛానల్ కావాలంటే బటన్లు నొక్కి ఇంకో జోన్‌లోకి, అంటే సెట్‌లోని ఇంకో ఛానళ్ల గుంపులోకి, వెళ్లాలి, తడి చేతులతో, టార్చి పట్టుకుని ఆ పని ఎవరూ చేయరు. కాబట్టి ఉమ్మడి ఛానల్ అందరి సెట్లలోనూ ఆఖరి టిక్కు మీదే ఉండాలి, నాబ్ ఇక తిరగని చోట. నెలకోసారి ఎల్కతుర్తి సెట్ నుంచి హుజూరాబాద్ సెట్‌ను, ములుగు నుంచి భూపాలపల్లిని ఆ ఛానల్‌లో పిలిచి చూడాలి, అందని చోట్లు రిజిస్టర్‌లో రాసుకోవాలి.